షాపు వదలకుండా నేర్చుకోవాలంటే: నెలకు ఒక్క ప్రశ్న

చిన్న వ్యాపారం చేసేవాళ్లలో నేర్చుకోవాలని లేనివాళ్లు తక్కువ, తీరిక లేనివాళ్లే ఎక్కువ. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి గల్లా లెక్క చూసుకునేదాకా ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు, మధ్యలో సరుకు దిగుతుంది, పనికుర్రాడు రాడు, కరెంటు పోతుంది, ఇక పుస్తకం ఎప్పుడు తెరవాలి, మీటింగుకు ఎప్పుడు పోవాలి? అందుకే చాలామంది ఏడాదికోసారి ఏదో హోటల్లో పెట్టే సెమినార్‌కి కొన్ని వేలు కట్టి వెళ్తారు, చప్పట్లు కొడతారు, ఊపుతో తిరిగొస్తారు, సోమవారం నుంచి మళ్లీ పాత పద్ధతే. ఆ ఊపు మీద నాకేం కోపం లేదు గానీ దాంతో రావాల్సిన బాకీ ఒక్కటీ వసూలు కాదు.

నేను చెప్పేది వేరు. నెలకు ఒక్క ప్రశ్న పెట్టుకోండి. ఆ నెల మీరు నేర్చుకునేది, కలిసే మనుషులు, చదివే కాగితాలు, మూడూ ఆ ఒక్క ప్రశ్న కోసమే. నేర్చుకోవడం ఒక పని, పరిచయాలు ఇంకో పని, చదవడం మూడో పని అనుకుంటే ఏదీ జరగదు, ఎందుకంటే మూడింటికీ వేర్వేరుగా టైము మన దగ్గర లేదు. మాది పిండివంటలు, పొడుల చిన్న యూనిట్, ముందు షాపు, కొంత సరుకు సూపర్ మార్కెట్లకు కూడా వేస్తాం. కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే వస్తాయి. మీది బట్టల కొట్టయినా, హార్డ్‌వేర్ అయినా, ప్రింటింగ్ ప్రెస్ అయినా పద్ధతి ఇదే.

ప్రశ్న ఎలాంటిది ఉండాలి

"వ్యాపారం పెంచుకోవడం ఎలా" అనేది ప్రశ్న కాదు, కోరిక. ప్రశ్న అంటే నెలలో తేలిపోయేది, జవాబు అంకె రూపంలోనో, చేద్దాం-వద్దు రూపంలోనో వచ్చేది. మిక్స్చర్ ప్యాకెట్ పది రోజులకే మెత్తబడుతోంది, మార్చాల్సింది కవరా, సీలింగా, నూనె వార్చే పద్ధతా? కౌంటర్లో రెండో మనిషిని పెడితే ఆ జీతం గిట్టుతుందా? ఆన్‌లైన్లో అమ్మితే కమీషన్, కొరియర్, తిరిగొచ్చిన సరుకు పోను కిలోకి మిగిలేదెంత? బయట ఉన్న బాకీల్లో సగం ఎవరి దగ్గర ఇరుక్కుంది? ఇవీ ప్రశ్నలు.

ఇవి పుస్తకాల్లోంచి రావు, కౌంటర్ దగ్గర విసుగు పుట్టినప్పుడు వస్తాయి. బిల్లు పుస్తకం పక్కనే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టి, చిరాకు పుట్టించిన ప్రతిదాన్నీ ఒక్క లైన్లో రాసేయండి. మీరొక్కరే కాదు, షాపులో ఎక్కువసేపు కూర్చునే మనిషి, అది మీ ఆవిడ కావచ్చు, నాన్నగారు కావచ్చు, ఎప్పటినుంచో ఉన్న గుమస్తా కావచ్చు, వాళ్లూ రాయాలి. ఓనరుకు కనిపించని నష్టం వాళ్లకు రోజూ కనిపిస్తుంది. నెలాఖరుకు ఆ పేజీ చదివి, వాటిల్లో ఎక్కువ డబ్బు ఏది తింటోందో అదొక్కటే ఎంచుకోండి. మిగతావి అక్కడే ఉంటాయి, ఎక్కడికీ పోవు.

నెలలో ఎక్కడ దూర్చాలి

మన నెల క్యాలెండర్ ప్రకారం నడవదు, జీఎస్టీ తేదీల ప్రకారం నడుస్తుంది. ప్రతి నెలా రిటర్న్ వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల వివరాల రిటర్న్ గడువు 11వ తేదీ, 14న కొనుగోళ్ల మీద మనకు దక్కే పన్ను క్రెడిట్ చూపించే జీఎస్టీఆర్-2బీ తయారవుతుంది, 20న పన్ను కట్టి వేసే 3బీ. 5 కోట్ల లోపు టర్నోవర్ ఉండి క్యూఆర్ఎంపీ ఎంచుకున్నవాళ్లకు రిటర్న్ మూడు నెలలకోసారి, మొదటి రెండు నెలలకు పన్ను మాత్రం తర్వాతి నెల 25లోపు కట్టుకోవాలి. ఇక ఒకటో తేదీ నుంచి పదో తేదీ దాకా జీతాలు, అద్దె, ఈఎంఐలు, జనం చేతిలో జీతం డబ్బులుంటాయి కాబట్టి గిరాకీ కూడా అప్పుడే.

అందుకని నేర్చుకునే నెలను 20 నుంచి 20 దాకా లెక్కపెట్టుకోవడం మేలు. 20న 3బీ అయిపోగానే ప్రశ్న ఖాయం చేయండి. 21 నుంచి నెలాఖరు వరకు చదవడం, మనుషుల్ని కలవడం. కొత్త నెల మొదటి పది రోజుల గిరాకీలో, చిన్నగా, ఒక్క ఐటమ్ మీదో ఇద్దరు పార్టీల మీదో ప్రయోగం. 14న 2బీ చూసేటప్పుడు ఎలాగూ లెక్కల ముందు కూర్చుంటారు కదా, ప్రయోగం ఏమైందో అప్పుడే రాసుకోండి. క్యూఆర్ఎంపీ వాళ్లు 25 తర్వాత మొదలుపెట్టుకున్నా సరిపోతుంది.

ఏడాదిలో కూడా అన్ని నెలలూ ఒక్కలా ఉండవు. మా లైన్లో సంక్రాంతికి ముందు అరిసెలు, చక్రాల ఆర్డర్లతో ఊపిరి ఆడదు, అప్పుడు ప్రశ్న పెట్టుకోకపోయినా పాపం లేదు. బట్టల వాళ్లకు శ్రావణం, దసరా అలాంటివి. పెళ్లిళ్ల మీద బతికే వ్యాపారాలకు, అంటే క్యాటరింగ్, డెకరేషన్, కార్డుల ప్రింటింగ్ లాంటి వాటికి, మూఢం వచ్చిందంటే నెలల తరబడి ఖాళీ. అందరూ మూఢాన్ని తిట్టుకుంటారు గానీ వారం పది రోజుల కోర్సుకు వెళ్లాలంటే అంతకన్నా మంచి టైము దొరకదు, ఆషాఢం కూడా అంతే. పంచాంగం రాగానే ఆ తేదీలు చూసి పెట్టుకోండి.

ఒక నెల మొత్తం ఎలా నడుస్తుందో చూద్దాం

ప్రశ్న: సూపర్ మార్కెట్లకు, టోకు పార్టీలకు వేసిన సరుకు డబ్బు త్వరగా ఎలా రాబట్టాలి? ఈ ప్రశ్న లేని చిన్న తయారీదారు ఉండడనుకుంటా.

మొదటి సాయంత్రం షాపు లెక్కే. ఎవరు ఎంత, ఎన్ని రోజుల నుంచి. 30 లోపు, 45 లోపు, 90 లోపు, ఆపైన, ఇలా నాలుగు గళ్లు గీస్తే చాలు. సాధారణంగా ఇక్కడే సగం జవాబు బయటపడుతుంది, ఎందుకంటే పాత బాకీ అంతా పదిమంది దగ్గర ఉండదు, ఇద్దరు ముగ్గురి దగ్గరే పేరుకుని ఉంటుంది.

తర్వాత నేర్చుకునేది. ఈ విషయంలో చట్టం మనవైపే ఉంది, చాలామంది వాడుకోరు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవాళ్లు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో రాసుకున్న గడువులో, ఎంత రాసుకున్నా 45 రోజులు మించకుండా డబ్బు కట్టాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్నులో ఇంకో మెలిక వచ్చింది. గడువు దాటినా కట్టకుండా మార్చి 31 దాటిస్తే ఆ కొనుగోలు ఖర్చును కొన్నవాళ్లు ఆ ఏడాది లెక్కలో చూపించుకోలేరు, కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొంతమంది పెద్ద పార్టీల అకౌంట్స్ వాళ్లు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి ఉద్యం సర్టిఫికెట్, అంటే ఎంఎస్ఎంఈగా ప్రభుత్వం దగ్గర నమోదైన కాగితం, పంపమని అడుగుతుంటారు.

దీనికి ఉద్యం రిజిస్ట్రేషన్ ఉండాలి, సరుకు పంపకముందే ఉంటే క్షేమం. ప్రభుత్వ పోర్టల్లో అది పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు, జీఎస్టీ ఉన్నవాళ్లు ఆ నంబరు కూడా ఇవ్వాలి. గూగుల్లో వెతికితే పైన కనిపించే కొన్ని సైట్లు అచ్చం ప్రభుత్వానివిలాగే ఉండి డబ్బులు అడుగుతాయి, జాగ్రత్త. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు కూడా పెరిగాయి. యంత్రాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ సంస్థే. ఒక్క సంగతి మాత్రం ముందే తెలుసుకోవాలి: కొని అమ్మే వ్యాపారులకు ఉద్యం ఇస్తారు గానీ అది బ్యాంకు రుణాల్లో ప్రాధాన్యం వరకే, ఈ 45 రోజుల రక్షణ తయారీదారులకు, సేవలు అందించేవాళ్లకు. కిరాణా హోల్‌సేల్ వాళ్లు దీని మీద ఆశ పెట్టుకోవద్దు. కట్టకుండా మొండికేసేవాళ్ల మీద కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చు. కానీ చేశాక ఆ పార్టీ మళ్లీ మీ దగ్గర కొంటుందా అన్నది మీరే ఆలోచించుకోవాలి, అది చట్టం చెప్పదు.

అందుకే మనుషుల్ని కలవాలి. ఈ ప్రశ్న మీద ముగ్గురితో మాట్లాడితే చాలు. ఆడిటర్ గారితో, రిటర్న్ వేసే రోజు కాకుండా 21 తర్వాత, ఆయన కూడా ఊపిరి పీల్చుకున్నాక. వేరే ఊళ్లో ఇదే సరుకు చేసేవాళ్లతో, అదే సూపర్ మార్కెట్ వాళ్లకు ఎన్ని రోజులకు కడుతోందో తెలుస్తుంది. మూడో మనిషి మీకు సరుకు అరువిచ్చే పప్పుల సేటు, వసూళ్లలో వాళ్లను మించినవాళ్లు లేరు. ఆయన బిల్లు మీద ఏం రాస్తాడు, ఎన్నో రోజు ఫోన్ చేస్తాడు, ఎవరికి సరుకు ఆపేస్తాడు, ఎవరికి ఆపడు, అడగండి. చాలా ఇష్టంగా చెబుతారు, ఎవరూ అడగరు కదా.

చివరికి చదవడం. ఇక్కడ ఒక చిట్కా ఉంది, కింద చెబుతాను. ప్రయోగం మాత్రం చిన్నది: వచ్చే నెల నుంచి ప్రతి బిల్లు మీద ఉద్యం నంబరు, "చెల్లింపు గడువు" అని తేదీ, అదీ రోజుల సంఖ్య కాదు, ఫలానా తేదీ అని ముద్రించండి. గడువుకు అయిదు రోజుల ముందు ఒక మర్యాదైన మెసేజ్. ఇద్దరు పార్టీల మీదే మొదలుపెట్టి చూడండి.

ఎక్కడ నేర్చుకోవాలి

యూట్యూబ్ పనికిరాదని అనను. మెషీన్ బెల్టు మార్చడం, ట్యాలీలో ఎంట్రీ, ఫోన్‌తో ప్యాకెట్ ఫొటో తీయడం, ఇలాంటి చేతిపనికి అదే గురువు. పన్నులు, లైసెన్సులు, రేట్ల విషయంలో మాత్రం నమ్మొద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారినప్పుడు చూశాం కదా, ప్యాక్ చేసి లేబుల్ వేసిన మిక్స్చర్ లాంటి వాటి మీద 12 శాతం ఉన్నది 5కి వచ్చింది, అసలు 12 శాతం శ్లాబే చాలావరకు పోయింది. పాత వీడియోలు మాత్రం ఇంకా పాత రేట్లే చెబుతూ తిరుగుతున్నాయి. ఇలాంటివి జీఎస్టీ పోర్టల్లో, కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ ప్రకటనల్లో చూసి, ఆడిటర్ గారితో ఖాయం చేసుకోవాలి.

కూర్చుని నేర్చుకోవాలంటే మన దగ్గర చోట్లకు కొదవ లేదు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, ఆర్‌సెటీ అంటారు, ఊళ్లలోని యువతకు ఉచితంగా నేర్పుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది మంచి మెట్టు. హైదరాబాద్ యూసుఫ్‌గూడలో చిన్న సంస్థలకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ ఎన్ఐ-ఎంఎస్ఎంఈ ఉంది. తిండి వ్యాపారమైతే మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ స్వల్పకాలిక కోర్సులు చూడండి, హైదరాబాద్ హబ్సిగూడలో వాళ్ల కేంద్రం కూడా ఉంది. ఆహార భద్రత మీద, తిండి సరుకుల లైసెన్సులిచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫాస్టాక్ శిక్షణ ఉంటుంది. చిరుధాన్యాల సరుకు చేద్దామనుకుంటే రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ. కవర్ల సమస్యకు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ శాఖ హైదరాబాద్‌లోనే ఉంది. మెత్తబడే మిక్స్చర్ ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుంది గానీ వ్యక్తిత్వ వికాసం క్లాసులో దొరకదు.

ఏ కోర్సుకు వెళ్లినా ప్రశ్న పట్టుకుని వెళ్లండి, వీలైతే పాడైన ప్యాకెట్ కూడా తీసుకెళ్లండి. టీ బ్రేక్‌లో పాఠం చెప్పినాయనకు ఆ ప్యాకెట్ చూపిస్తే వచ్చే అయిదు నిమిషాల మాటలే ఒక్కోసారి కోర్సు మొత్తం.

పరిచయాలు

వారం వారం పొద్దున్నే టిఫిన్‌తో కలిసి ఒకరికొకరు కస్టమర్లను పంపించుకునే క్లబ్బులు ఇప్పుడు విజయవాడ, వైజాగ్, హైదరాబాద్‌ల్లో బాగా నడుస్తున్నాయి. వాటి మీద నా అభిప్రాయం: ఇంటీరియర్స్, ఇన్సూరెన్స్, ప్రింటింగ్, సోలార్ లాంటి, ఒక్క ఆర్డరు పెద్ద మొత్తంలో ఉండే వ్యాపారాలకు గిట్టుతుంది. రోజుకు వందమంది వచ్చి యాభై రూపాయల సరుకు కొనే కొట్టుకు ఆ ఏడాది రుసుము, ఆ పొద్దుటి గంటలు రెండూ దండగే. అతిథిగా ఒకసారి వెళ్లి చూసి, మీ ముఖ్యమైన కస్టమర్ ఎవరో వాళ్లను కలిసే అవకాశం ఆ గదిలో ఎంతమందికి ఉందో లెక్కపెట్టుకుని చేరండి.

సంఘాలు వేరు. తెలంగాణలో 1917 నుంచి ఉన్న వ్యాపార, పరిశ్రమల సమాఖ్య ఎఫ్‌టీసీసీఐ, ఆడవాళ్ల కోసం 1993లో మొదలైన అలీప్, ఊరూరా ఉండే మర్చంట్స్ అసోసియేషన్లు, వీటిల్లో చేరితే ఆర్డర్లు రావు. అధికారులు ఏం అడగబోతున్నారో, ఏ నిబంధన మారబోతోందో ముందు తెలుస్తుంది. అది వేరే లాభం, దానికీ విలువ ఉంది.

కానీ నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది వేరే ఊళ్లో ఇదే వ్యాపారం చేసే మనిషి. పోటీ లేదు, బాధలు మాత్రం ఒక్కటే. మరి వాళ్లు ఎలా దొరుకుతారంటే, మీ కవర్లమ్మేవాడినీ మెషీన్ మెకానిక్‌నీ అడగండి. మెకానిక్‌కు తెలిసినంత ఎవరికీ తెలియదు, ఎవరి దగ్గర ఏ మెషీన్ ఖాళీగా పడి ఉంది, ఎవరు రెండో షిఫ్టు నడుపుతున్నారు, అన్నీ చెబుతాడు. మీ గురించీ వాళ్లకు అలాగే చెబుతాడనుకోండి. ఫోన్ చేసి "అన్నా, కాకినాడ నుంచి, మాదీ ఇదే పని, మీ దగ్గర ఫలానా మెషీన్ ఉందని విన్నా, ఒకసారి వచ్చి చూడొచ్చా" అంటే కాదనేవాళ్లు అరుదు. వెళ్లేటప్పుడు మీ సరుకు రెండు ప్యాకెట్లు పట్టుకెళ్లండి. ముందే ధరలు అడగొద్దు, నూనె ఎక్కడ కొంటారని కూడా అడగొద్దు. "ఈ మధ్య ఏం చేయడం మానేశారు, ఎందుకు" అని అడగండి. గెలిచిన కథలు అందరూ చెబుతారు, మానేసిన వాటి వెనక కారణాల్లోనే అసలు లెక్క ఉంటుంది. మీ దగ్గరున్న విషయం కూడా దాచుకోకుండా చెప్పండి, తీసుకోవడమే తెలిసినవాడికి రెండోసారి ఫోన్ ఎత్తరు. వయసులో పెద్దాయనైతే "బాబాయ్" అని కూర్చుంటే చాలు, గంట సేపు మీరు మాట్లాడాల్సిన పనే ఉండదు.

కాకినాడ అంటే గుర్తొచ్చింది. 1964లో డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బృందం కాకినాడ వ్యాపారులను బ్యాచులుగా హైదరాబాద్ పిలిపించి శిక్షణ ఇచ్చింది. ఇప్పటి ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అప్పట్లో సైయెట్, అక్కడే. పోలిక కోసం శిక్షణ ఇవ్వకుండా వదిలేసింది రాజమండ్రిని, గోదావరి జిల్లాల వాళ్లకు ఇది నవ్వొచ్చే విషయమే. శిక్షణ పొందినవాళ్లు తర్వాత కొత్త పెట్టుబడులు పెట్టడంలో, పనివాళ్లను పెంచుకోవడంలో ముందున్నారని తేలింది. నాకు అందులో నచ్చింది అందరూ ఒకే ఊరివాళ్లు కావడం. కోర్సుకు ఒక్కరే వెళ్లకుండా ఊళ్లో ఇంకో లైన్ వ్యాపారిని వెంటబెట్టుకుని వెళ్లండి, తిరిగొచ్చాక "అన్నావు కదా, చేశావా" అని అడిగే మనిషి ఒకరుంటారు.

ఎగ్జిబిషన్లకు వెళ్తే, జనవరి ఒకటి నుంచి నాంపల్లిలో జరిగే నుమాయిష్ అయినా, మార్చిలో ఢిల్లీలో జరిగే ఆహార్ అయినా, మొదట ఎవరితోనూ మాట్లాడకుండా ఒక చుట్టు తిరిగి, మీ ప్రశ్నకు సంబంధించిన స్టాళ్లు గుర్తుపెట్టుకుని, రెండో చుట్టులో వాటి దగ్గరే ఆగండి. లేకపోతే సాయంత్రానికి సంచీ నిండా కరపత్రాలే మిగులుతాయి. నంబరు సేవ్ చేసేటప్పుడు పేరుతోపాటు ఊరు, సరుకు కూడా రాయండి, "రమేష్ కొత్త" అని పెడితే నెల తర్వాత ఎవరో తెలియదు. పరిచయమైన వారంలోపే చిట్టీ, గొలుసుకట్టు స్కీము మాటెత్తినవాళ్లను మర్యాదగా వదిలేయండి.

చదవడం

నెలకో పుస్తకం చదవాలనే నియమం పెట్టుకోవద్దు. ప్రశ్నకు పనికొచ్చే ఇరవై పేజీలు దొరికితే ఆ ఇరవయ్యే చదవండి. పేపర్లో బిజినెస్ పేజీ రోజూ అయిదు నిమిషాలు, అందులోనూ మీ ముడిసరుకు ధరలు, రెండు నెలలకోసారి రిజర్వ్ బ్యాంక్ వడ్డీ రేటు నిర్ణయం, ఇవి చాలు. షేర్ల చిట్కాలు మనకెందుకు.

ఇందాక చెప్పిన చిట్కా ఇది. పెద్ద కంపెనీ షేర్ మార్కెట్‌కు వచ్చేటప్పుడు ప్రాస్పెక్టస్ అనే లావుపాటి పత్రం దాఖలు చేస్తుంది, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ వెబ్‌సైట్లో అది ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మీ లైన్లో ఉన్న కంపెనీది ఒకటి తీయండి. చీరల వ్యాపారులకు హైదరాబాద్ సాయి సిల్క్స్ కళామందిర్, 2023 సెప్టెంబర్‌లో వచ్చింది. మందుల షాపులకు మెడ్‌ప్లస్, 2021 డిసెంబర్. మాలాంటి కారా, మిక్స్చర్ వాళ్లకు బికాజీ, 2022 నవంబర్. వందల పేజీలు చూసి భయపడొద్దు, మూడు చోట్లే చదవాలి. రిస్కుల అధ్యాయంలో కంపెనీ తన భయాలన్నీ తానే రాసుకోవాలి, నిబంధన అది, ముడిసరుకు ధర పెరిగితే ఏమవుతుందో, ఎవరి మీద ఎంత ఆధారపడ్డారో అక్కడ తెలుస్తుంది. వ్యాపార వివరణలో సరుకు ఎలా కొంటారు, ఎక్కడ ఎంత అమ్ముతారు. లెక్కల్లో అమ్మకాల్లో ముడిసరుకు శాతమెంత, రావాల్సిన బాకీలెంత. ఆ బాకీలను ఏడాది అమ్మకాలతో భాగించి 365తో గుణిస్తే సగటున ఎన్ని రోజులకు డబ్బు చేతికొస్తోందో వస్తుంది. అదే లెక్క మీ షాపుకూ వేసి పక్కన పెట్టి చూడండి. ఇంగ్లీషులో ఇబ్బందైతే డిగ్రీ చదివే మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకోండి, షాపు సంగతులు వాళ్లకూ అలాగే తెలుస్తాయి.

ఖర్చు సంగతి

కోర్సు ఫీజుకు బిల్లు తీసుకునేటప్పుడు మీ షాపు పేరు, జీఎస్టీ నంబరు వేయించుకోండి. వ్యాపారానికి సంబంధించిన శిక్షణ అయితే దాని మీద కట్టిన జీఎస్టీకి మామూలుగా క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, కాంపోజిషన్‌లో, అంటే టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతిలో ఉన్నవాళ్లకు ఆ అవకాశం లేదు. క్లబ్ సభ్యత్వ రుసుము మీద మాత్రం ఎవరికీ క్రెడిట్ రాదు, చేర్పించేవాళ్లు వస్తుందని చెప్పినా సరే ముందు ఆడిటర్ గారిని అడగండి. ప్రయాణం టిక్కెట్లు, ఎగ్జిబిషన్ ప్రవేశం, పుస్తకాల బిల్లులు అన్నీ ఒకే కవర్లో వేసి, పైన ఆ నెల ప్రశ్న రాసి, 20లోపు ఆయనకు పంపేయండి.